ఆ సర్క్యులర్ ఏ చట్టం కింద వచ్చినట్టు?

గత నెల రెండో శనివారం సాయంత్రం మా అన్నయ్య కూతురు ఇంటికి వచ్చి, చేతిసంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన జిరాక్స్ కాగితం ఒకటి తీసి నా బల్ల మీద పరిచింది. అది ఆమె చదువుకునే ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో అంటించిన సర్క్యులర్ నకలు. "ఇందుమూలముగా విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా" అని మొదలై, ప్రిన్సిపాల్ వారి లిఖితపూర్వకమైన ముందస్తు అనుమతి లేనిదే కళాశాలకు గానీ వసతిగృహానికి గానీ సంబంధించిన ఏ విషయాన్నీ గోడపత్రికలోనూ, సామాజిక మాధ్యమాల్లోనూ, బయటి పత్రికల్లోనూ ప్రచురించరాదనీ, ఉల్లంఘించినవారిపై టీసీ ఇచ్చి పంపివేయుటతో సహా కఠిన చర్యలు తీసుకొనబడుననీ చెప్పి, ఆకుపచ్చ సిరా సంతకంతో, గుండ్రటి ముద్రతో అది ముగిసింది. నేను చదవడం పూర్తయ్యేదాకా ఓపిక పట్టి, "చిన్నాన్నా, ఇదేటి, చట్టమేనేటి?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఉంది: కాదు. అయితే ఆ ఒక్క మాట పట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లిన విద్యార్థికి ఏమవుతుందో ఇరవై ఏళ్ల కిందట స్వయంగా చూసినవాణ్ణి గనుక, ఆ పిల్లకు కాస్త విపులంగానే చెప్పవలసి వచ్చింది. అలా చెప్పినదాన్నే, కోర్టుకు సెలవులున్నాయి గనుక, ఇక్కడ రాస్తున్నాను. నేను శ్రీకాకుళం కోర్టుల్లో పద్నాలుగేళ్లుగా వకాల్తాలు వేస్తున్నవాణ్ణి. అంతకు ముందు మూడేళ్లు ఒక దినపత్రికకు మండల కంట్రిబ్యూటర్‌గా పనిచేశాను. పంపిన వార్తను స్కేలుతో కొలిచి లెక్కకట్టి ఇచ్చే డబ్బులతో నెల గడవదని తెలిశాకే నల్లకోటు వేసుకున్నాను.

ముందుగా ఆ సర్క్యులర్‌కు కారణమైన రాత గురించి చెప్పాలి. వాళ్ల కళాశాలలో మెట్ల కింద, అద్దం పగిలిపోయిన ఒక చెక్క చట్రం ఉంది. నెలకోసారి విద్యార్థులు అందులో గోడపత్రిక పెడతారు. సాధారణంగా కవితలు, పొడుపుకథలు, అమరవీరుల బొమ్మలు ఉంటాయి. ఈసారి మా పిల్ల చార్టు మీద స్కెచ్ పెన్నుతో ఒక పట్టిక గీసింది. వసతిగృహంలో నీటిని శుద్ధి చేసే యంత్రం ఏ రోజు ఆగిపోయిందో, అప్పటి నుంచి ఇరవై మూడు రోజుల్లో ఏ గదిలో ఎన్ని ఇరవై లీటర్ల టిన్నులు సొంత డబ్బుతో కొనుక్కున్నారో, మొత్తం ఎంతయిందో అందులో ఉంది. కింద రెండు వాక్యాలు రాసింది: యంత్రం ఆగిన మరునాడే వార్డెన్‌కు రాతపూర్వకంగా తెలియజేశామని ఒకటి, దానికి వచ్చిన జవాబును వచ్చే సంచికలో ప్రచురిస్తామని మరొకటి. అంతే. అందులో ఎవరినీ తిట్టలేదు, ఒక్క విశేషణం కూడా వాడలేదు. నేను ఆ ఫొటో చూసి, నా మూడేళ్ల విలేకరి జీవితంలో ఇంత శుభ్రమైన వార్త ఒక్కటీ పంపలేదనుకున్నాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఊళ్లకు ఊళ్లు మంచం పట్టిన జిల్లా మాది. తాగునీటి గురించి పట్టిక గీయడం ఇక్కడ పిల్లలాట కాదు. కవిటి నుంచి వచ్చి ఆ వసతిగృహంలో ఉంటున్న పిల్లలకు అది ఇంటి సంగతే.

చార్టు మూడో రోజుకే మాయమైంది. నాలుగో రోజున దాని స్థానంలో సర్క్యులర్ వచ్చింది.

ఇక చట్టం సంగతి. మన రాజ్యాంగంలో ఎంత వెదికినా "పత్రికా స్వేచ్ఛ" అన్న మాట కనిపించదు. 19(1)(ఎ) అధికరణం పౌరులందరికీ వాక్కు, భావప్రకటన స్వేచ్ఛలు ఇస్తుంది. పత్రికా స్వేచ్ఛ అందులోనే ఇమిడి ఉందని న్యాయస్థానాలు చెప్పాయి. పత్రికలకు ప్రత్యేకంగా ఒక అధికరణం పెట్టాలని రాజ్యాంగ సభలో కొందరు కోరినప్పుడు, 1948 డిసెంబరులో అంబేద్కర్ ఇచ్చిన సమాధానం సారాంశం ఇది: పౌరుడికి లేని హక్కేదీ పత్రికకు ప్రత్యేకంగా ఉండదు, సంపాదకుడైనా మేనేజరైనా రాసేటప్పుడు పౌరుడిగా తనకున్న హక్కునే వాడుకుంటాడు, అందువల్ల వేరే ప్రస్తావన అక్కర్లేదు. పత్రికల వాళ్లు దీన్ని తమకు తగ్గించిన గౌరవంగా చెప్పుకుంటూ ఉంటారు. నాకు మాత్రం, విద్యార్థుల వైపు నుంచి చూస్తే, ఇంతకంటే మేలు చేసిన మాట మరొకటి కనిపించదు. ఆ లెక్కన ప్రభుత్వం పాత్రికేయులకిచ్చే అక్రెడిటేషన్ కార్డు ఉన్నవాడికీ, మెట్ల కింద చార్టు అంటించే పిల్లకూ రాజ్యాంగం ముందు తేడా లేదు. ఎచ్చెర్లలో అంబేద్కర్ పేరు మీద విశ్వవిద్యాలయమే ఉన్న జిల్లాలో ఈ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం విచిత్రంగానే ఉంది.

ఈ హక్కుకు హద్దులు లేవని కాదు. 19(2)లో అవి వరుసగా ఉన్నాయి: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహసంబంధాలు, ప్రజాశాంతి, మర్యాద లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురికొల్పడం. ఆ జాబితాలో "కళాశాల ప్రతిష్ఠ" అన్నది లేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ పరిమితులను విధించవలసింది "చట్టం" అని అక్కడ స్పష్టంగా రాసి ఉంది. చట్టం అంటే శాసనసభో పార్లమెంటో చేసింది, లేదా అలాంటి శాసనం ఇచ్చిన అధికారంతో వచ్చిన నియమం. ప్రచురణకు ముందే చూపించి ఆమోదం పొందాలన్న షరతుకు మన సుప్రీంకోర్టు పుట్టిన కొత్తలోనే, 1950లో, దెబ్బ తగిలింది. ఢిల్లీ నుంచి వెలువడే ఒక వారపత్రిక తన వార్తలను ముందుగా అధికారులకు చూపించాలన్న ఉత్తర్వును బ్రిజ్ భూషణ్ కేసులో కొట్టివేశారు. అదే రోజుల్లో, మద్రాసు రాష్ట్రంలోకి రాకుండా నిషేధించిన మరో పత్రిక తరఫున రమేశ్ థాపర్ వేసిన కేసులో, ప్రచురించే హక్కులో పంచిపెట్టే హక్కు కూడా ఉందన్నారు. ఆ తీర్పులు నచ్చకనే ప్రభుత్వం మరుసటి ఏడాది మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చి, ప్రజాశాంతి వంటి కొత్త కారణాలను చేర్చింది. అయితే పరిమితులు సహేతుకంగా ఉండాలన్న మాట కూడా ఆ సవరణతోనే వచ్చింది. అది మనకు మిగిలిన లాభం.

మా పిల్ల ఇక్కడ ఆపి, "అవన్నీ పెద్దోల పత్రికలు కదా, మాలాటోల కేసు ఏదైనా ఉందేటి?" అంది. ఉంది. ఆ కేసు గురించి చెప్పడానికే నేను ఇంతసేపూ ఎదురుచూస్తున్నాను.

1985 జులైలో కేరళలోని ఒక పాఠశాలలో ముగ్గురు తోబుట్టువులను బడినుంచి తీసేశారు. వాళ్లు యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందినవారు. ఉదయం ప్రార్థన సమయంలో జాతీయ గీతానికి గౌరవంగా లేచి నిలబడేవారు గానీ, తమ మతవిశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు. చాలా కాలం ఎవరూ పట్టించుకోని ఈ విషయం ఒక శాసనసభ్యుడి కంటబడి, విచారణ దాకా వెళ్లి, చివరికి విద్యాశాఖ ఆదేశాల మేరకు ప్రధానోపాధ్యాయురాలు వాళ్లను పంపేశారు. హైకోర్టులో ఓడిపోయిన ఆ పిల్లల తండ్రి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. బిజో ఇమాన్యుయేల్ కేసుగా ప్రసిద్ధమైన ఆ తీర్పు 1986 ఆగస్టులో వచ్చింది. రాసినవారు జస్టిస్ చిన్నపరెడ్డి, మన తెలుగువారే. మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కు కూడా ఉందన్నది ఆ తీర్పులో అందరూ గుర్తుపెట్టుకునే మాట. నాకు పనికివచ్చేది దాని పక్కనే ఉన్న మరో మాట. విద్యాశాఖ జారీచేసిన సర్క్యులర్లకు శాసనబద్ధమైన ఆధారం లేదు గనుక అవి 19(2) చెప్పే "చట్టం" కాజాలవనీ, కేవలం శాఖాపరమైన ఆదేశం చూపించి పిల్లల ప్రాథమిక హక్కును తగ్గించడం కుదరదనీ ఆ తీర్పు తేల్చి చెప్పింది. రాష్ట్ర విద్యాశాఖ సర్క్యులర్‌కే ఆ గతి పట్టినప్పుడు, ఒక కళాశాల కార్యాలయంలో టైపుచేసిన కాగితం సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

"అయితే మరి ఆ కాగితం తీసి పడేద్దునా?" అంది మా పిల్ల. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే నా కథ చెప్పాలి.

2004లో నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, మేం నలుగురం కలిసి నాలుగు పేజీల పత్రిక ఒకటి డీటీపీ చేయించి, వంద కాపీలు జిరాక్స్ తీయించి, ఏడురోడ్ల కూడలిలో టీ కొట్ల దగ్గర కూడా పంచాం. మొదటి సంచికలోనే మెస్ బిల్లుల గురించి నేను రాసిన వ్యాసానికి "దొంగలు దొరికారు" అని శీర్షిక పెట్టాను. అందులో ఇద్దరు ఉద్యోగుల పేర్లు రాశాను. ఆధారం ఏమిటంటే, వంటమనిషి చెప్పిన మాట ఒకటి, మా కోపం ఒకటి. బిల్లు నకలు ఒక్కటీ నా దగ్గర లేదు. మూడో రోజున ప్రిన్సిపాల్ గది నుంచి పిలుపు వచ్చింది. నాలుగో రోజున మా నాన్న ఊరి నుంచి బస్సెక్కి వచ్చాడు. నాన్న ఆ గది గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికి వెళ్లి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, భుజం మీది తుండు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అది కళాశాలే గానీ గుడి కాదు నాన్నా అని చెప్పాలనిపించింది, చెప్పలేదు. తెల్లకాగితం ఇచ్చి, నా చేత్తోనే క్షమాపణ రాయించుకున్నారు. పత్రిక రెండో సంచిక రాలేదు.

ఆ రోజు నాకు జరిగింది అన్యాయమని చాలాకాలం నమ్మాను. లా చదివాక అర్థమైంది, అందులో సగం అన్యాయం నేను చేసినదేనని. పరువునష్టం 19(2) జాబితాలో ఉన్న మాట. పాత శిక్షాస్మృతిలోని 499, 500 సెక్షన్లు, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్‌గా మారాయి. రెండేళ్ల దాకా సాధారణ ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ శిక్షగా వేయవచ్చు. పరువునష్టాన్ని నేరంగా ఉంచడం రాజ్యాంగబద్ధమేనని 2016లో సుబ్రమణియన్ స్వామి కేసులో సుప్రీంకోర్టు అనేసింది. నాకు ఆ తీర్పు నచ్చలేదు. నచ్చకపోయినంత మాత్రాన చట్టం మారదు. ఆ సెక్షన్‌లోనే మినహాయింపులు ఉన్నాయి: చెప్పింది నిజమై, ప్రజాహితం కోసం ప్రచురించినదైతే నేరం కాదు, ప్రభుత్వోద్యోగి విధినిర్వహణ మీద సదుద్దేశంతో చెప్పిన అభిప్రాయం నేరం కాదు. నిజమని చూపించవలసిన బాధ్యత మాత్రం రాసినవాడిదే. నా దగ్గర కాగితం లేదు గనుక నాకు మినహాయింపు లేదు. మా పిల్ల దగ్గర ఇరవై మూడు రోజుల పట్టిక, టిన్నుల వాడు రాసిచ్చిన చీటీలు, వార్డెన్‌కు ఇచ్చిన అర్జీ నకలు ఉన్నాయి. నేను "దొంగలు" అని రాశాను, ఆమె "నలభై రెండు టిన్నులు" అని రాసింది. మా ఇద్దరికీ తేడా అక్కడే ఉంది.

ఇంకో సంగతి కూడా పిల్లలు తెలుసుకోవాలి. పరువునష్టం, పోలీసులు తమంతట తాము కేసు కట్టే నేరం కాదు. పరువు పోయిందనుకున్నవారు మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు వేసుకోవాలి. కాబట్టి స్టేషన్‌కు పిలిపించి కూర్చోబెడతామన్న బెదిరింపు వస్తే, ఏ సెక్షన్ కిందనో రాతపూర్వకంగా చెప్పమని అడగవచ్చు. ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్‌లోనో రాసినందుకు కేసులు పెట్టడానికి ఒకప్పుడు ఎడాపెడా వాడిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు పూర్తిగా కొట్టివేసింది. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ వ్యాఖ్యకు ఇద్దరు అమ్మాయిలను అరెస్టు చేసిన వార్త చదివి, అప్పటికి లాయరు కూడా కాని శ్రేయా సింఘాల్ అనే యువతి వేసిన పిటిషన్ అది. మా బార్ అసోసియేషన్ గదిలో ఇప్పటికీ "66ఎ పెట్టొచ్చు కదండీ" అనే పెద్దమనుషులు ఉన్నారు. పదేళ్ల కిందట చనిపోయిన సెక్షన్‌కు వాళ్లు ఇంకా తద్దినం పెట్టలేదు. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో అదే కోర్టు, రాతలకూ మాటలకూ సంబంధించి మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే ఆరోపణలు వచ్చినప్పుడు, ఎఫ్ఐఆర్ కట్టేముందు పోలీసులు ప్రాథమిక విచారణ జరపడం సముచితమని చెప్పింది.

విద్యార్థి పాత్రికేయుల హక్కుల గురించి ఎవరు మాట్లాడినా అమెరికా ప్రస్తావన వస్తుంది. అది న్యాయమే, ఎందుకంటే ఈ విషయం మీద వాళ్లు కోర్టుల్లో కొట్టుకున్నంతగా మనం కొట్టుకోలేదు. 1965 డిసెంబరులో ఐయోవా రాష్ట్రంలోని డెమోయిన్‌లో, వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్లపట్టీలు కట్టుకొచ్చిన పిల్లలను బడి నుంచి పంపేస్తే, 1969లో టింకర్ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు, పిల్లలు బడి గేటు దగ్గర తమ హక్కులను వదిలేసి లోపలికి రారని చెప్పింది. పంపేసిన రోజుకు మేరీ బెత్ టింకర్‌కు పదమూడేళ్లు. అంతా బాగుందనుకునేలోగా హేజల్‌వుడ్ కేసు వచ్చింది. మిజోరీ రాష్ట్రంలోని హేజల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్లో, జర్నలిజం తరగతి పిల్లలు నడిపే పత్రికలో, 1983 మేలో రెండు వ్యాసాలు ప్రిన్సిపాల్‌కు అభ్యంతరకరంగా కనిపించాయి. ఒకటి గర్భవతులైన ముగ్గురు విద్యార్థినుల అనుభవాలు, రెండోది తల్లిదండ్రుల విడాకులు పిల్లల మీద చూపే ప్రభావం. పేర్లు మార్చినా ఆ అమ్మాయిలు ఎవరో తెలిసిపోతుందనీ, విడాకుల వ్యాసంలో తప్పుపట్టిన తండ్రిని వివరణ అడగలేదనీ ఆయన చెప్పాడు. చెప్పిన కారణాలు పూర్తిగా తీసిపారేయవలసినవి కావు. అయితే అచ్చుకు సమయం లేదని, ఆ వ్యాసాలున్న రెండు పేజీలనూ మొత్తంగా తీసేశాడు; అదే పేజీల్లో ఉన్న, ఎవరికీ ఏ అభ్యంతరమూ లేని మిగతా వ్యాసాలు కూడా వాటితోపాటే పోయాయి. పత్రిక చేతికి వచ్చాకగానీ పిల్లలకు ఆ సంగతి తెలియలేదు. 1988 జనవరిలో అయిదుగురు న్యాయమూర్తులు ప్రిన్సిపాల్ పక్షాన, ముగ్గురు పిల్లల పక్షాన నిలిచారు. పాఠశాల డబ్బుతో, పాఠ్యక్రమంలో భాగంగా వచ్చే పత్రిక మీద, బోధనకు సంబంధించిన సహేతుకమైన కారణం ఉంటే యాజమాన్యం కత్తెర వేయవచ్చని నిర్ణయించారు. ఆ తీర్పు నుంచి తమ రాష్ట్రాల పిల్లలను కాపాడుకోవడానికి అక్కడి శాసనసభలు చట్టాలు చేస్తున్నాయి. కాలిఫోర్నియాలో 1977 నుంచే అలాంటి చట్టం ఉంది, నార్త్ డకోటా 2015లో చేసింది. ఇలాంటి పిల్లలకు ఉచితంగా న్యాయసలహా ఇచ్చే స్టూడెంట్ ప్రెస్ లా సెంటర్ అనే సంస్థ 1974 నుంచి పనిచేస్తోంది.

హేజల్‌వుడ్ తీర్పు మన కోర్టులను కట్టిపడేసేది కాదు. అయినా దానిలో ఉన్న వాదన, పత్రిక ఎవరి డబ్బుతో వస్తున్నదో వాళ్ల మాటే చెల్లుతుందన్నది, మన కళాశాలల్లో ఏ తీర్పూ చదవకుండానే అందరి నోటా ఉన్న వాదనే. మన కళాశాల వార్షిక సంచికలు చూడండి: మొదటి పుటలో మంత్రిగారి సందేశం, రెండో పుటలో ప్రిన్సిపాల్ సందేశం, సంపాదకవర్గంలో అయిదుగురు అధ్యాపకులు, చివర "విద్యార్థి సంపాదకుడు" అని ఒక పేరు. ఆ సంచికకు మ్యాగజైన్ ఫీజు పేరుతో డబ్బు కట్టింది మాత్రం విద్యార్థులే. డబ్బును బట్టే హక్కు అనుకుంటే కత్తెర ఎవరి చేతిలో ఉండాలో ఆ రసీదు పుస్తకాన్ని అడగాలి. అమెరికాలో కనీసం కోర్టు గీసిన గీత ఒకటి ఉంది, దాన్ని దాటించే చట్టాలు కొన్ని రాష్ట్రాల్లో ఉన్నాయి. మన దగ్గర రాజ్యాంగం పైన ఉంది, ప్రిన్సిపాల్ గది కింద ఉంది, ఈ రెంటి మధ్య విద్యార్థి పాత్రికేయుల కోసమంటూ చేసిన చట్టం ఒక్కటీ లేదు. 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం సైతం, పాత్రికేయమే ముఖ్య వృత్తిగా ఒక పత్రికా సంస్థలో ఉద్యోగం చేసేవాణ్ణే జర్నలిస్టు అంది. స్కేలుతో కొలిపించుకున్న నేనే అందులోకి రాలేకపోయాను, పిల్లలు ఎక్కడ వచ్చేవారు?

పైగా అన్ని కళాశాలలూ ప్రభుత్వానివి కావు. ప్రాథమిక హక్కులు ప్రధానంగా రాజ్యం మీద, అంటే ప్రభుత్వమూ దాని సంస్థల మీద, అమలయ్యేవి. ప్రభుత్వ కళాశాల ఆ నిర్వచనంలోకి తేలిగ్గా వస్తుంది, ప్రైవేటు ఇంజనీరింగు కళాశాల అంత తేలిగ్గా రాదు. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం, 19, 21 అధికరణాల కింది హక్కులను ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అమలు చేయవచ్చని మెజారిటీతో చెప్పింది గానీ, ఆ మాట ఒక ప్రైవేటు కళాశాల గోడపత్రిక దాకా వచ్చి వాలడానికి చాలా కేసులు నడవాలి. అప్పటిదాకా ఆ పిల్లలకు నేనిచ్చే సలహా ఏమిటంటే, కళాశాల పేరు, చిహ్నం, డబ్బు, గోడ వాడుకోకుండా, బయట, సొంత పేర్లతో రాసుకొమ్మని. పౌరుడిగా రాసే రాతకు ప్రిన్సిపాల్ సంపాదకుడు కాడు.

బయట అచ్చు వేయాలంటే అక్కడ మరో చట్టం ఎదురవుతుంది. మరుసటి ఆదివారం మా పిల్లను కథానిలయానికి తీసుకువెళ్లాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మా ఊళ్లో కథల కోసం కట్టిన ఆ ఇంట్లో పాత పత్రికలు బీరువాల నిండా ఉన్నాయి. ఒకదాన్ని తెరిచి, చివరి పుట అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న వరసను చూపించాను: ముద్రించినవారు, ప్రచురించినవారు, సంపాదకులు, అచ్చయిన ముద్రణాలయం. కథ కోసం పత్రిక తెరిచేవాళ్లెవరూ చదవని ఆ వరస, తెల్లవాళ్లు 1867లో చేసిన చట్టం పెట్టించినది. ఏ కాగితం ఎవరు అచ్చువేశారో దొరకబుచ్చుకోవడానికి చేసిన ఆ చట్టం నూట యాభై ఆరేళ్లు బతికి, 2023లో వచ్చిన పత్రికల, నియతకాలికల రిజిస్ట్రేషన్ చట్టానికి చోటిచ్చింది. కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం, నియమిత కాలవ్యవధిలో అచ్చయి, ప్రజాసంబంధమైన వార్తలో వ్యాఖ్యలో ఉండేదైతే రిజిస్టర్ చేయించాలి. చేతిరాత గోడపత్రిక అచ్చయ్యేది కాదు గనుక ఆ బెడద లేదని నా అభిప్రాయం. నెలనెలా అచ్చువేసి పంచుతామంటే మాత్రం, ముందుగా ఆ పని చేసుకోవడం మేలు. లేకపోతే రాతలో తప్పు దొరకనివాళ్లు రిజిస్ట్రేషన్‌లో తప్పు వెదుకుతారు. 2004లో మేం పంచిన నాలుగు పేజీల మీద మా పేర్లే తప్ప ఆ వరస లేదని, అప్పటి ప్రిన్సిపాల్‌కు గుర్తు రాకపోవడం మా అదృష్టం.

చెప్పినవాళ్ల పేరు బయటపెట్టమని ఒత్తిడి వస్తే ఏమిటని కూడా ఆమె అడిగింది. ఇక్కడ మన చట్టం బలహీనమైనది. 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టంలో, వార్త మూలం చెప్పమని పాత్రికేయుణ్ణి బలవంతపెట్టరాదన్న నియమం ఉంది గానీ అది ఆ కౌన్సిల్ విచారణలకే పరిమితం. న్యాయస్థానానికి అది వర్తించదు. సాక్ష్య చట్టంలోనే ఆ రక్షణ చేర్చాలని లా కమిషన్ 1983లో తన 93వ నివేదికలో సిఫారసు చేసింది, చేర్చలేదు. కాబట్టి ఎవరి పేరు బయటపడితే వాళ్లకు నష్టమో, ఆ పేరు ఫోన్‌లోనూ నోటుపుస్తకంలోనూ అసలే రాసుకోకపోవడం ఒక్కటే ఉపాయం. లైంగిక నేరాల బాధితుల వివరాలూ, కేసుల్లో ఉన్న మైనర్ల వివరాలూ బయటపెట్టడం నేరం. ర్యాగింగ్ గురించి రాసేటప్పుడు పిల్లలు ఉత్సాహంలో తప్పు చేసే చోటు అదే.

బలహీనమైన చట్టాల గురించి ఇంత చెప్పాక, బలమైన చట్టం ఒకటి చెప్పకపోతే అన్యాయం. 2005 నాటి సమాచార హక్కు చట్టం పాత్రికేయుడికీ పౌరుడికీ తేడా చూడదు, వయసు అడగదు, 6(2) సెక్షన్ ప్రకారం ఎందుకు కావాలో కూడా అడగకూడదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు, తరువాత రాష్ట్ర సమాచార కమిషన్. అనుమతి అడగడం మాని, సమాచారం అడగమన్నాను. ఇద్దరం కూర్చుని తెల్లకాగితం మీద మూడు ప్రశ్నలు రాశాం. ఫలానా తేదీ సర్క్యులర్‌ను ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద జారీ చేశారో, దాని ఫైలు నకలుతో సహా తెలుపగలరు. నీటి శుద్ధి యంత్రం మరమ్మతుకు సంబంధించిన ఉత్తరప్రత్యుత్తరాల నకళ్లు ఇప్పించగలరు. గడిచిన ఏడాదిలో వసతిగృహం నీటికి జరిపిన పరీక్షల నివేదికలు ఇప్పించగలరు. హెడ్ పోస్టాఫీసులో పది రూపాయల పోస్టల్ ఆర్డరు తీసుకుని, పిన్నుతో గుచ్చి, మంగళవారం నాడు ఆమె కళాశాల కార్యాలయానికి వెళ్లింది. వెంట నేను వెళ్లలేదు. మా నాన్న నిలబడిన చోట ఇంకో పెద్దవాడు నిలబడటం నాకు ఇష్టం లేకపోయింది.

తరువాత ఆమె చెప్పింది ఇది. గుమస్తా కాగితం మొత్తం చదివి, "ఇదంతా నీకెందుకమ్మా?" అన్నాడట. కారణం చెప్పనక్కర్లేదని సెక్షన్ ఉందండి అని ఆమె అన్నదట. ఆయన లోపలికి వెళ్లి, పావుగంట తరువాత వచ్చి, ఇన్‌వర్డ్ రిజిస్టరులో నంబరు వేసి, నకలు మీద ముద్ర కొట్టి ఇచ్చాడు. టీసీ మాట ఎవరూ ఎత్తలేదు. ఒకవేళ ఎత్తితే, ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా చెప్పి, సంజాయిషీకి గడువు ఇచ్చి, ఆమె చెప్పేది వినకుండా ఏ శిక్షా వేయడానికి లేదని రాసిన ఉత్తరం ఒకటి నేను ముందే సిద్ధం చేసి ఉంచాను. దాని అవసరం ఇంతవరకు రాలేదు.

ముప్పై రోజుల గడువుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. యంత్రం మాత్రం ఈ అర్జీ ఇచ్చిన వారంలోనే, శుక్రవారం నాడు బాగుపడిందట; ఎవరు బాగుచేయించారో, ఎందుకు బాగుచేయించారో ఏ కాగితంలోనూ లేదు. మెట్ల కింద చట్రంలో ప్రస్తుతం ఆ సర్క్యులర్ ఒక్కటే ఉంది. దాని నాలుగు మూలలా గుచ్చినవి తాను చార్టు కోసం కొన్న గుండుసూదులేనని మా పిల్ల అంటోంది.